పన్నెండు తెల్ల ఎలుకలు

లీలావతి మెట్లెక్కి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ల గ్లాసుని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. హిందీ మాట్లాడే ఊళ్లో, గుఢియారీ బజారులో గోనెసంచుల కొట్టు పైనున్న గది అది. కింద బేరాల కేకలు పైదాకా వస్తున్నాయి. డిటెక్టివ్ బంగారయ్య వాటిని విననట్టు ఆమె చేతుల వైపే చూస్తున్నాడు. పక్కనే అతని శిష్యుడు అమ్మిరాజు రాసుకోవడానికి పెన్సిలు పట్టుకుని ఉన్నాడు. వచ్చినవాళ్లు తమంతట తాము నోరు విప్పేదాకా ఆగడం బంగారయ్య మాస్టారి పద్ధతి.

“పన్నెండూ చచ్చిపోయాయండీ,” అంది చివరికి. “ఒక్క పూటలో.”

అది 1987 వేసవి. ధర్సీవా దారిలో ఉన్న ఒక ప్రైవేటు పరిశోధనశాలలో ఆమె రసాయన శాస్త్రం పని చేస్తోంది. మూర్ఛకు వాడే ఒక మందుకు రాగిని జతచేసి కొత్త నీలం పొడి తయారుచేసింది. రెండేళ్లుగా తెల్ల ఎలుకల మీద పరీక్షిస్తోంది. ఆ పొడి పడిన ఎలుకల్లో మూర్ఛ ఆగుతోంది.

“నిన్న శుక్రవారం కూడా అదే సీసా, అదే మోతాదు. సాయంత్రానికి అన్నీ పోయాయి. డైరెక్టరు రామమూర్తిగారు నా గదికి తాళం వేయించారు. ఇన్నాళ్లూ నేను రాసిన ఫలితాలన్నీ అబద్ధాలట. సోమవారం ఆ మాట కాగితం మీద పెట్టి పని మూసేస్తారు. ఉద్యోగం పోతే పోయింది. అబద్ధాలు రాసిందన్న పేరు పడితే ఆ పొడిని ఇంకెవరూ ముట్టుకోరండీ.”

“సీసాలోంచి ఎవరైనా తీశారేమో?” అన్నాడు బంగారయ్య.

“తీస్తే తరగాలి కదా! నిండుగానే ఉంది. సీసా పెట్టే బీరువాకి తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి అటెండరు అచ్చయ్య గుత్తిలో. ఆ గుత్తి ఎవరడిగినా ఇస్తాడు.”

బంగారయ్య గొడుగు తీసుకుని లేచాడు.

పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునేది మేరీ. ఏలూరు వైపు మనిషి, మాటకారి.

“పొడి ఎలా కలుపుతావమ్మా?”

“ఎలాగేముందయ్యగారూ, అది నీళ్లల్లో కరిగి చావదు. తుమ్మజిగురు నీళ్లు పోసి కల్వంలో గంటసేపు నూరాలి. రెక్కలు పడిపోతాయనుకోండి. నిన్న మాత్రం దేవుడు కనికరించాడు. ఇట్టే కలిసిపోయింది. అడుగున ఇంత మడ్డి మిగిలింది, బస్, అంతే.” అంతలో ఎలుకలు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

“కల్వం కడిగేశావా?”

“ఎక్కడండీ! దేన్నీ ముట్టుకోవద్దన్నారుగా డైరెక్టరు సాబ్.”

కల్వం అడుగున రెండు చెంచాల నీలం నీళ్లున్నాయి. బంగారయ్య ఒక ఇనప మేకు అడిగి తీసుకుని, గచ్చు మీద గీకి, ఆ నీళ్లలో నిలబెట్టాడు. కాసేపాగి పైకి తీస్తే మునిగిన మేరకు ఎర్రబడి ఉంది. అమ్మిరాజుకి ఏమీ అర్థం కాలేదు. మాస్టారు మేకును కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

వరండాలో, లీలావతితో పాటు పనిచేసే పరిశోధకుడు అబ్రహాం ఎదురొచ్చాడు.

“డిటెక్టివ్ అంటే టోపీ ఉంటుందనుకున్నాను. గొడుగేమిటండీ?”

“ఈ ఎండకి టోపీ చాలదు బాబూ. లీలావతిగారి పని మూసేస్తే ఆ గది ఎవరికొస్తుంది?”

“నాకే. దాపరికమెందుకు? గది కోసం ఎలుకల్ని చంపుతానా?”

అచ్చయ్య శ్రీకాకుళం నుంచి వచ్చిన ముసలాయన. రోజూ సీసాల దుమ్ము తుడిచి బీరువాలో సర్దేది అతనే. అడగ్గానే గుత్తి చేతికిచ్చాడు. అందులో జానెడు ఇనప తాళంచెవి ఒకటుంది. ఎవరో తరచూ గట్టిగా పట్టుకున్నట్టు నున్నగా అరిగింది.

“ఇది ఏ తాళానిది?”

“దేనిదీ కాదు బాబూ. పాతది. ఉంటాదిలే అని ఉంచినాను.”

ఆదివారం మేరీ చర్చినుంచి వచ్చేదాకా ఆగి, బంగారయ్య అందరినీ ఎలుకల గదిలో కూర్చోబెట్టాడు. రామమూర్తి చేతిగడియారం చూసుకుంటున్నాడు.

“లీలావతిగారి పొడి నీళ్లల్లో కరగదు. శుక్రవారం పోసింది కరిగింది. మా ఊళ్లో తమలపాకు తోటలకి తెగులు పోవడానికి మైలుతుత్తం, అదే నీలంగా ఉండే రాగి విషం, నీళ్లలో కలిపి కొట్టేవాళ్లు. ఆ నీళ్లలో ఇనుము పెడితే రాగి పూత పడుతుంది.” మేకు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎలుకల్ని చంపింది మైలుతుత్తం. ఆవిడ పొడి కాదు.”

లీలావతి కళ్లు మూసుకుంది.

“అబ్రహాంగారు చదువుకున్నవారు. మోసమే చేయదలిస్తే ఇట్టే పట్టుబడే మైలుతుత్తం కలపరు. మేరీ కలిపి ఉంటే, కరిగిపోయిందని తన నోటితో చెప్పదు. కలిపిన మనిషికి ఆ పొడి రంగు తప్ప ఇంకేమీ తెలియదు. రోజూ సీసా తుడిచేవాడికి తెలిసేది రంగే. అయితే అతనికి కావలసింది ఎలుకల చావు కాదు, సీసాలోని పొడి. తరుగు కనపడకుండా మైలుతుత్తంతో నింపాడు. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారు మనవాళ్లు. ఆ తాళంచెవి ఎవరి చేతిలో పెడుతున్నావు అచ్చయ్యా?”

అచ్చయ్య గోడవార కూర్చుని చేతులు జోడించాడు.

“నా పెళ్లాం కోటమ్మకి బాబూ. పొయ్యి మీద పడిపోయి సెయ్యి కాలిపోనాది. ఆస్పత్రి బిళ్లలు మింగితే పొద్దల్లా మత్తే. ఎలకలకి తగ్గతన్నాదని అమ్మగారు సెప్పుకుంటంటే ఇన్నాను. సిటికెడు సిటికెడు తీసినాను. తరుగు అవుపడతాదని పోయిన బుధవారం మైలుతుత్తం నూరి సీసాలో పోసినాను...”

“అది కలిపాక తీసిందేమైనా ఆమెకిచ్చావా?” అంటూ లీలావతి లేచి నిలబడింది.

“నేదమ్మా! మంచిది ముందే పొట్లం కట్టుకున్నాను. నెలన్నరయింది, మూర్చ ఒక్కపాలి కూడా రానేదు!”

రామమూర్తి ముఖం మారిపోయింది. గడియారం సంగతే మరిచిపోయాడు.

“నెలన్నరా? లీలావతీ, విన్నావా! మనిషికే పనిచేసింది. రేపటి కాగితం సంగతి వదిలెయ్. ముందు ఇది రాయి, తారీకులతో సహా. మన పేరు ఎక్కడికో పోతుంది.”

అమ్మిరాజు ఆమెనే చూస్తున్నాడు. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట అదే. ఆమె తల అడ్డంగా ఊపింది.

“రాయనండీ.”

“ఏమిటీ?”

“ఆవిడకి మందు ఇచ్చింది నేను కాదు. ఇవ్వవచ్చా అని ఆవిడనడగలేదు. ఒక్క మనిషికి నెలన్నర మూర్ఛ రాకపోతే అది పొడి వల్లో కాదో ఎవరు చెప్పగలరు? లోపల రాగి చేరి కాలేయం ఏమైందో కూడా తెలీదు. ఇది రాశానంటే మీరు నా మీద వేసిన నింద నిజమవుతుంది. నాకు గది తెరిపించండి. పన్నెండు ఎలుకలు ఇప్పించండి.”

రామమూర్తి జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. బంగారయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

లీలావతి అచ్చయ్య దగ్గర గొంతుక్కూర్చుంది.

“రేపు పొద్దున కోటమ్మని తీసుకురా. నేను కూడా ఆస్పత్రికొస్తాను. జరిగిందంతా డాక్టరుగారికి చెబుదాం. మత్తు రాని బిళ్లలు కూడా ఉంటాయి. ఆ పొట్లం ఇలా ఇవ్వు.”

అతను చొక్కా లోపల్నుంచి పొట్లం తీశాడు, కానీ పట్టు వదల్లేదు.

“ఇది మందు గదమ్మా?”

“ఇంకా కాలేదు అచ్చయ్యా,” అంటూ ఆమె చెయ్యి చాచింది.