ఊరంత విన్న కూత

పొద్దున ఏడున్నరకు తుకారాం అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. బోధన్ రోడ్డు మీద స్కూలు ఆటోలు పోతున్నాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, దాని సైరన్ కూత ఆగిపోయి ఏండ్లయింది.

లోపలి గదిలోంచి సాయవ్వ పాట వినబడింది.

"ఆకు కత్తిరిస్తె అంచు మిగిలె, బిడ్డ పోతె గజ్జె మిగిలె..."

గ్లాసు పట్టుకున్న చేయి ఆగిపోయింది. భార్య సాయవ్వ పోయి మూడేండ్లు. ఆమె బీడీ ఆకు కత్తిరించే చప్పుడు అతనికి అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కానీ మాటలు ఇంత తేటగా ఎన్నడూ రాలేదు. లేచి లోపలికి పోయాడు.

మనవరాలు వర్ష ఫోన్ చూసి చదువుతోంది. కోడలు సుకన్య ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ వింటోంది.

"ఏంది బిడ్డా గది?"

"అమ్మ కవిత, తాతా. మాసపత్రికోళ్లు పోటీ పెట్టిండ్రు. ఇయ్యాల్నే ఆఖరు. సొంతంగ రాసిందే అని హామీపత్రం ఇయ్యాలె. అమ్మ సంతకం గూడ పెట్టింది."

"గది సాయవ్వది."

సుకన్య తల ఎత్తలేదు. "అత్తమ్మదే. పక్కన కూసొని పదిహేనేండ్లు విన్న. నేను రాసి పెట్టకపోతె ఆమెతోనే పోతుండె గద మామ."

"పంపకుండ్రి."

"వారానికి నాలుగు మాటలు మాట్లాడ్తవ్ తాతా," అంది వర్ష. "అండ్ల ఒకటి వద్దు అనుడేనా?"

సుకన్య చాట పక్కన పెట్టింది. "ఆమె పాట ఎత్తుకుంటె మీరు లేచి బయటికి పోతుంటిరి. గిప్పుడు గూడ అడ్డమేనా? నా పేరు బీడీ కార్డు మీద తప్ప ఏడ లేదు. ఒక్కపారి పుస్తకంల పడితె మీకేం పోతది?"

తుకారాం ఈసారి బయటికి పోలేదు. వర్ష తల్లి ముఖం చూసి, మిగిలింది చదివింది.

"కూత కూసె, ఊరంత లేచె. నా బిడ్డ మాత్రం లేవకపాయె."

"గట్ల గాదు," అన్నాడు తుకారాం. ద్వారబంధం పట్టుకున్నాడు. "నా ముంగట పాడుతందుకు మార్చుకున్నది అది. కూత కూసె, ఊరంత వినె. నేను పిలిస్తె మొగడు వినకపాయె. గది ఆమె మాట."

సుకన్య అతని వైపు తిరిగింది. "పని చేసుకుంట పాడే ఉత్త పాట అనుకున్న మామ. నిజంగ బిడ్డ ఉండెనా?"

"ఉండె. నాలుగేండ్లది. చెరుకు ఆడే రోజులు, నేను డ్యూటీ మీదున్న. దానికి జరమని సాయవ్వ ఫ్యాక్టరీకి రెండు పార్లు మనిషిని తోలింది. పిల్లల జరమే గద అనుకున్న. డ్యూటీ దిగే కూత కూసినంక వస్తనన్న. కూసినంకనే వచ్చిన."

వర్ష ఫోన్ కిందికి దించింది.

"ఆ పాట ఇంకోపారి వినవడితె ఇంట్ల ఉండనన్న. మార్చింది. మార్చి పాడినా నాకు పాతదే వినవడేది. గిప్పటికీ గదే."

సుకన్య హామీపత్రం తీసుకుని తన పేరు కొట్టేసింది. "ఆమె కడుపుల మాట. దాని కింద నా సంతకం ఎట్ల పెట్టుకుంట?"

"పోయినోళ్ల పేరు మీద తీసుకుంటరో లేదో అమ్మా."

"తీసుకోకపోతె పాయె. సాయవ్వ అని రాయి."

వర్ష వేలు ఫోన్ మీద ఆగింది. "తాతా, మొగడు వినకపాయె అనే పెట్టాల్నా?"

"గదే పెట్టు."

"శీర్షిక లేదు. ఏం రాయాలె?"

తుకారాం గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. నలభై రెండేండ్లుగా ఆ బిడ్డ పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సాయవ్వ పాటలో కూడా బిడ్డ అనే అనుకుంది తప్ప పేరు పెట్టుకోలేదు.

"గంగమణి."

సుకన్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వర్షకు సరిగ్గా వినబడలేదు. "ఏంది తాతా?"

"గంగమణి," అన్నాడతను మళ్లీ, ఈసారి గట్టిగా, లోపలున్న మనిషిని పిలిచినట్టు.