నల్లబల్ల మీద శుక్రవారం

ఖాళీ హాల్లో ఒంటరిగా నడుం వంచి క్షమాపణ చెప్పిన మనిషి, మర్నాడు పొద్దున్నే డిటెక్టివ్ కుజే గది తలుపు తట్టాడు. పేరు ముగితాని. రేవులోని తొగావా చేపల కంపెనీ తరఫున పత్రికలవాళ్లతో మాట్లాడటం అతని ఉద్యోగం. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా చల్లగది పాడై, చేప ముద్దతో చేసి అమ్మే చేప గొట్టాలు చెడిపోయాయండి. ఎవరూ తినొద్దని చెప్పడానికి నిన్న, బుధవారం పొద్దున, పత్రికల సమావేశం పెట్టాను. ఒక్క పురుగు రాలేదు. వంగి లేచేసరికి ఎదురుగా కుర్చీలే!"

"ఎందుకు రాలేదు?" అంది కుజే సహాయకురాలు హినాకో.

"విలేకరుల క్లబ్బు నల్లబల్ల మీద నేను బుధవారం అని రాస్తే అది శుక్రవారం సాయంత్రం అయి కూర్చుంది. బల్లకెక్కిన వార్తని ఆ వేళకి ముందు ఎవరూ రాయకూడదు, అది వాళ్ల కట్టుబాటు. ఎవరు మార్చారో తేలితేనే దిద్దుతారట. మా ప్రెసిడెంటు గారేమో నువ్వే తప్పు రాశావు, నోరు మూసుకో అంటున్నారు. ఆ సరుకు ఇంకా స్కూళ్లకి పోతోందండీ. ఇవాళ మా అమ్మాయి స్కూల్లో మధ్యాహ్న భోజనంలో అదే. ఎలాగైనా ఈలోపు తేల్చండి."

కుజే కళ్లు మెరిశాయి. వాటిని మెరిపించింది మాత్రం స్కూలు కాదు, నల్లబల్ల.

క్లబ్బులో సిగరెట్ పొగ కమ్ముకుని ఉంది. ఈ నెల క్లబ్బు పెద్ద షిబుయె అనే నెరిసిన విలేకరి, షోగి చదరంగం ఆడుతూ తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"బయటివాళ్లు తెల్లసుద్దతో రాస్తారు. దాని చుట్టూ నేను ఎర్రగీత చుడతాను. చుట్టానంటే శాసనమే."

"ఎర్రసుద్ద ఎవరి దగ్గరుంటుంది?"

"నా జేబులో. మా ఆవిడకన్నా దాన్నే భద్రంగా చూసుకుంటా." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ముగితాని గారు రాసినప్పుడు చుట్టారా?"

"మంగళవారం సాయంత్రం, ఆయన కళ్ల ముందే చుట్టాను. తర్వాత ఏ తుంటరి వెధవ మార్చాడో నాకేం తెలుసు?"

కుజే కళ్లద్దాలు సర్దుకుని బల్లకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. శుక్రవారం అనే రాత చివర తెల్లగీత కాస్త సాగి, ఎర్రగీతని దాటి బయటికి వచ్చింది. రెండూ కలిసిన చోట తెల్లదాని మీదుగా ఎర్రది పోయింది.

మూలన కూర్చున్న నెగిషి అనే పిల్ల విలేకరి ఇటు చూడటం లేదు. కుజే ఆమె దగ్గరికెళ్లాడు.

"సరుకు చెడిపోయిన సంగతి మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు. వార్త రాసి పెట్టుకున్నాను. నిజమేనా అని మంగళవారం రాత్రి ప్రెసిడెంటు గారికే ఫోన్ చేశాను. పొద్దున వచ్చేసరికి బల్ల మీద శుక్రవారం అని ఉంది. ఇంకేం రాస్తాను?" ఆమె గొంతులో సిగ్గు దాగలేదు.

బయటికి రాగానే హినాకో ఆగలేకపోయింది.

"గురువుగారూ, మీకు తెలిసిపోయింది కదూ! ఇప్పుడే చెప్పేద్దాం."

"ఇప్పుడు చెబితే షిబుయె ఒక్కడే దొరుకుతాడు, ప్రెసిడెంటు జారుకుంటాడు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పాలి. దేనికైనా వేళ చూసుకోవాలి హినాకో."

హినాకో ఆరాధనగా చూసింది. ఇద్దరూ వీధి చివర కొట్లో తీరుబడిగా సోబా నూడుల్స్ తిన్నారు.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ హాల్లో ప్రెసిడెంటు తొగావా, షిబుయె, ముగితాని కూర్చున్నారు. నెగిషి ఇంకా రాలేదు. కుజే లేచి నిలబడ్డాడు.

"ఎర్రగీత చుట్టాక లోపలి రాత మారిస్తే, కొత్త తెల్లగీత ఎర్రదాని పైన పడాలి. అక్కడ ఎర్రది పైన ఉంది. అంటే మొత్తం తుడిచి, శుక్రవారం అని రాసి, మళ్లీ కొత్తగా చుట్టారు. ఎర్రసుద్ద ఉన్నది ఒక్క జేబులోనే."

షిబుయె ముఖం పాలిపోయింది.

"దాచదలుచుకుంటే బల్లని తుడిచేసి ఊరుకునేవారు. ఉంచి వాయిదా వేశారంటే ఎవరి చెయ్యో కట్టేయడానికే. నెగిషి రాయబోతోందని తెలిసింది ఆ ఫోన్ ఎత్తిన ప్రెసిడెంటు గారికి. మరి శుక్రవారమే ఎందుకు? రేపు మన ఊరి స్కూలు కుర్రాళ్ల బేస్‌బాల్ ఫైనల్. శనివారం పేపరంతా వాళ్లే. చేప గొట్టాలకి చోటెక్కడ?"

"పాత స్నేహం..." షిబుయె గొణిగాడు. "రెండ్రోజులే కదా అన్నారు." ప్రెసిడెంటు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. హినాకో చప్పట్లు కొట్టబోయింది.

తలుపు తోసుకుని నెగిషి వచ్చింది.

"ఆస్పత్రి నుంచి వస్తున్నాను. స్కూల్లో భోజనం చేసిన పిల్లలకి వాంతులు. వరండాలో కూడా చాపలు పరిచారు. ముగితాని గారూ, మీ అమ్మాయి కూడా..."

ముగితాని కుర్చీ పట్టుకుని లేచాడు. అతను చూసింది షిబుయెని కాదు, ప్రెసిడెంటునీ కాదు.

"కుజే గారూ, మీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున. బల్ల చూడగానే."

"మరి మమ్మల్ని నాలుగింటికి పిలిచారేం?"

కుజే చెవులు సిగ్గుతో భగ్గుమన్నాయి. సాయం కోసం హినాకో వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"నేను మాత్రం? స్కూలుకి ఒక్క ఫోన్ చెయ్యకుండా, నా తప్పు లేదని తేల్చమని మీ దగ్గరికొచ్చాను." ముగితాని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

నెగిషి పెన్ను తీసింది.

"రేపటి దాకా రాయకూడదు కదమ్మా..." అన్నాడు షిబుయె అలవాటుగా.

"మీ బల్లని తగలెయ్యండి. తెలిసీ ఊరుకున్నవాళ్ల పేర్లు రాస్తున్నాను. నాది ముందే రాసుకున్నాను." ఆమె కుజే వైపు తిరిగింది. "మీ పేరు ఏ అక్షరాలతో రాస్తారండీ?"

కుజే ఒక్కో అక్షరమే చెప్పాడు. తప్పు పడకుండా ఆమె రెండోసారి అడిగితే, రెండోసారీ చెప్పాడు.