అరిగిన కొక్కెం

అమ్మ గొలుసు కొక్కెం అరిగిపోయిందని అక్కకీ తెలుసు, చెల్లెలికీ తెలుసు. "ఎవరో ఒకరు కంసాలికి చూపించండమ్మా" అని ఆర్నెల్లుగా ఆవిడ ఇద్దరితోనూ చెబుతూనే ఉంది.

"రేపు ఆ గొలుసు వచ్చేది నీకే కదా, నువ్వే బాగుచేయించు" అనేది చెల్లెలు.

"అమ్మ ఉండేది నీ దగ్గర. అంత దూరం నుంచి నేనొచ్చి చేయించాలా?" అనేది అక్క.

అలా వంతులేసుకుంటుండగానే ఒకరోజు కొక్కెం ఊడి, గొలుసు మెట్ల మీద పడింది. అందుకోబోయి అమ్మా పడింది. ఇక లేవలేదు.

నెల తిరిగాక చెల్లెలు గొలుసు తీసుకుని కంసాలి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటులేని కొట్టు. ముసలి కంసాలి భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"కొక్కెం ఒక్కటే కాదమ్మా, పక్క రింగు కూడా వెంట్రుకంతే మిగిలింది. ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నారు?"

"మా అక్క చూసుకుంటుందనుకున్నాను" అంది చెల్లెలు. ఆ మాట తన చెవికే బాగోలేదు.

ఆయన రింగు మార్చి, కొత్త కొక్కెం అతికించి ఇచ్చాడు. సంచిలో వేసుకుంటే ఎక్కడ జారిపోతుందోనని అక్కడే మెడలో వేసుకుంది. గుండెల మీదికి వేలాడింది.

ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. ఇంట్లో ఎవరూ లేరు. పొద్దుగూకే వేళ, దీపం వేయకముందే గది మసకబారింది. అమ్మ మోకాళ్ళకి రాసుకునే మందు వాసన సన్నగా తగిలింది. సీసా ఎప్పుడో పారేశారు. మెట్ల మీద చప్పుడు... ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కుతున్నట్టు.

గొలుసు తీసేద్దామని కొక్కెం కోసం తడుముకుంది. దొరకలేదు. గొలుసంతా చుట్టూ తిప్పింది. అన్నీ రింగులే. తల మీదుగా లాగింది. గడ్డం దాటి రాలేదు. గుండెల మీద వేలాడిన గొలుసు ఇప్పుడు కురచై కంఠం దాకా వచ్చేసింది.

వానలోనే కంసాలి కొట్టుకి పరిగెత్తింది. ఆయన దీపం దగ్గరికి లాక్కుని చూశాడు.

"నేను పెట్టిన కొక్కెం ఏదమ్మా?"

"కోసేయండి" అంది.

కట్టర్ పెట్టి నొక్కాడు. దాని అంచే విరిగింది. ఇంకోటి తీశాడు. అదీ విరిగింది. చెల్లెలి చెవి వెనకాల ఎవరో మెల్లగా అన్నారు. అలసిపోయిన గొంతు. అందులో కోపం లేదు.

"ఎవరో ఒకరు... చూపించండమ్మా..."

కంసాలి చేతులు ఆగిపోయాయి. విన్నాడో లేదో చెప్పలేదు. పనిముట్లు కింద పెట్టేసి, గోడ దాకా జరిగాడు. "దీనికి అతుకే లేదమ్మా. ఇది నా పని కాదు. ఇంట్లో వాళ్ళని పిలుచుకోండి."

చెల్లెలు కొట్టు బయట అరుగు మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసింది. గంట పట్టింది ఆమె రావడానికి. ఆ గంటలో గొలుసు ఇంకో రెండు వేళ్ళ మేర బిగిసింది. మింగితే తగులుతోంది.

తడిసి ముద్దై వచ్చిన అక్క ముందు విసుక్కుంది. "నన్నడక్కుండా ఎవరు తీసుకెళ్ళమన్నారు నిన్ను?"

"నువ్వు... తీసుకెళ్ళావా... ఎప్పుడైనా..." అంది చెల్లెలు. మాట పూర్తవలేదు.

చెల్లెలి గొంతు విన్నాక అక్క ముఖం మారింది. "ఉండు, కదలకు" అంటూ వెనక్కి వెళ్ళింది. జుట్టు పైకెత్తింది. గొలుసుకీ మెడకీ మధ్య కాస్త సందు కనిపించింది. అందులోకి వేలు దూర్చి లాగబోయింది.

అక్క అలాగే ఉండిపోయింది. చేయి వెనక్కి తీయలేదు, ముందుకీ తోయలేదు.

"ఏంటక్కా..." అంది చెల్లెలు గాలిలేని గొంతుతో.

"నీ చేతులెక్కడున్నాయే?"

"ఒళ్ళో..."

అక్క భుజం మీదుగా వంగి చూసింది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇక్కడ వేలుందే" అంది గుసగుసగా. "ఎవరిదో... నా వేలు పట్టుకుంది."