చీకటి షెడ్డులో మొదటి వాల్వు

స్కోఫీల్డ్స్ ఊరు దాటాక ఉన్న వాల్వుల ఫ్యాక్టరీలో మూడో షెడ్డుకి పేరు మంచిది కాదు. చీకటి పడితే అటు ఎవరూ పోరు. పని మాత్రం ఆగదు. రోబో చేతులకు వెలుతురెందుకు, కరెంటు దండగ అని యజమానులు అక్కడ దీపాలు తీయించేశారు.

ఇంతసేపు ఇంటి కుళాయి వాల్వు బిగించిన చెయ్యే, ఆర్డరు మారగానే ఆసుపత్రి వాల్వు బిగిస్తుంది. అలా రకం మారినప్పుడల్లా మొదటి వాల్వుని సరిచూసుకోవాలి. అప్పుడే... ఆ చెయ్యి దాన్ని పైకెత్తి అలాగే ఆగిపోతుందట. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఆ ఎవరో రామ్‌సామే అనేవారు అందరూ. ఆ చేతికి పని నేర్పిన ఫిజీ తెలుగు ముసలాయన. నిరుడు పోయాడు.

తెల్లారేలోగా ఆ ఆగడం పోకపోతే షెడ్డు మూసి, పని వేరే ఊరికి పంపేస్తామన్నాడు మేనేజరు. ఆ బరువు ఇంజనీరు ఉపేంద్ర మీద పడింది. పగలంతా పని చేసిన ఒళ్ళు. నిద్ర లేదు.

తలుపు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ నడిపే రజ్నీల్ ఎదురయ్యాడు.

"ఒక్కడివే వెళ్తున్నావా భాయ్?" గొంతు తగ్గించి అడిగాడు.

"దెయ్యమైతే నయమేరా. ఓవర్‌టైమ్ అడగదు."

రజ్నీల్ నవ్వలేదు.

లోపల నూనె వాసన. మోటార్ల మూలుగు. ఉపేంద్ర టార్చి వేశాడు. చెయ్యి మెల్లగా వాల్వు తీసుకుంది... లేచింది... అతని గుండెల ఎత్తున ఆగింది.

ఉపేంద్ర టార్చి దాని మీదే నిలిపాడు.

కాసేపటికి అతనికి తట్టింది. రామ్‌సామి పొట్టి మనిషి; తన గుండెల ఎత్తే ఆయన కళ్ళ ఎత్తు. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, ఈ చెయ్యి పట్టుకునే దానికి ప్రతి కదలికా నేర్పాడు. మొదటి వాల్వు చేతికి రాగానే అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుని ఉంటాడు. రోబో అదీ నేర్చేసుకుంది — అంతే.

పనికి దండం పెట్టుకోవడం మనిషి గుణం. దాన్ని నష్టం కింద లెక్కగట్టేవాడికి దెయ్యం వేరే అక్కర్లేదు. కానీ షెడ్డు నిలబడాలి. ఉపేంద్ర ఆ కదలిక చెరిపేసి, కళ్ళు మూతలు పడుతుంటే, చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్పాడు.

తెల్లారింది. మేనేజరు వచ్చి గడియారం చూసుకున్నాడు.

"ఏదీ, చూపించు."

చెయ్యి కొత్త వాల్వు తీసుకుంది. లేచింది. ఈసారి గుండెల దగ్గర ఆగలేదు. ఇంకా పైకొచ్చి... ఉపేంద్ర కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఆగింది.

ఆ వారమే షెడ్డు మూశారు. ఆ నిద్రమత్తులో తానే కళ్ళకద్దుకున్నాడో, అసలు అద్దుకోనేలేదో — ఉపేంద్రకి ఇప్పటికీ గుర్తు లేదట.