గంట కొట్టని మాట

టింగుమని గంట మోగింది.

"అమ్మాయిగారూ, కాస్త స్వరం తగ్గించి మాట్లాడాలి," అన్నాడు వేదిక మీద కూర్చున్న రేడియో అబ్బాయి. పొద్దున్నే ఊరిని నిద్రలేపే గొంతు అతనిది. అందుకే కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఈ సభ నడిపే పని అతనికి అప్పజెప్పి, ఎవరైనా మర్యాద తప్పితే కొట్టమని ఒక గంట ఇచ్చారు.

"ఎందుకు తగ్గించాలి?" అంది ఫిజియోథెరపిస్టు అమ్మాయి, మైకు వదలకుండా.

సభ పెట్టడానికి కారణం ఈతకొలను. ఎండాకాలంలో కింది వీధి పిల్లలు కొలనులో దిగగానే కొందరు తల్లులు తమ పిల్లల్ని బయటికి లాగేశారు. ఒకావిడైతే నీళ్ళు మార్చమంది. మాటా మాటా పెరిగి పోలీసు జీపు దాకా వచ్చింది. కింది వీధి వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన వేరే జాతివాళ్ళు. ఒంటి రంగు నలుపు, జుట్టు ఉంగరాలు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, చుట్టాలింటికి వచ్చినవాళ్ళని అడిగినట్టు "మీది ఏ ఊరు?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

ఫిజియో అమ్మాయిది ఆ వీధే. ఆమె మాట్లాడటం మొదలుపెట్టగానే అసోసియేషన్ ప్రెసిడెంటుగారు మురిసిపోతూ, "మన భాష ఎంత ముద్దుగా మాట్లాడుతున్నావమ్మా! ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నారు. జనం చప్పట్లు కూడా కొట్టారు.

"మా అమ్మ ఒళ్ళోనండీ! మరి మీరెక్కడ నేర్చుకున్నారు?" అని ఆమె గట్టిగా అడిగింది. అప్పుడు మోగింది గంట.

ఆమె తిన్నగా వేదికెక్కి, ఆ గంట తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, హాల్లోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను క్లినిక్కి వచ్చాడు. ఆమె ఒక పెద్దాయన మోకాలు మెల్లగా వంచుతోంది.

"గంట కోసం..."

"నొప్పెక్కడ?"

"నొప్పేం లేదండీ. గంట..."

"నొప్పి లేనివాళ్ళతో నాకు పనిలేదు."

అతను కదల్లేదు. "నేనేం తప్పు చేశానో చెప్పండి, వెళ్ళిపోతాను."

ఆమె పెద్దాయన మోకాలు వదిలి చేతులు తుడుచుకుంది. "ప్రెసిడెంటుగారు తేనె పూసి కత్తి దింపితే మీ గంట మోగలేదు. నేను అబ్బా అంటే మోగింది. మర్యాదంటే మెల్లగా మాట్లాడటమా?"

అతను ఏం వాదిస్తాడో ఊహించి, ఆమె రాత్రంతా జవాబులు కూర్చుకుని పెట్టుకుంది. అతను మాత్రం "నిజమే," అన్నాడు.

ఆమె తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"బాబూ, నీకు వేరే పనుంటే చూసుకో. నా మోకాలు సగంలో ఉంది," అన్నాడు పెద్దాయన.

తరువాతి సభకి వేదిక లేదు, గంట లేదు. రేడియో అబ్బాయి, ఫిజియో అమ్మాయి కలిసి కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒకరు అడగాలి, రెండోవారు చెప్పాలి, అడిగినవారు చివరిదాకా వినాలి. మధ్యలో "అది కాదండీ" అనకూడదు. అంతే.

నీళ్ళు మార్చమన్నావిడ ఎదుట కింది వీధి తల్లి ఒకామె కూర్చుంది. "ఆ రోజు మావాడు ఇంటికొచ్చి, నేను సబ్బుతో బాగా రుద్దుకునే వెళ్ళాను కదమ్మా అన్నాడండీ," అంది. ఎదుటావిడ పై వారం ఎవరూ పిలవకుండానే వచ్చి, అదే తల్లి ఎదుట కూర్చుంది.

సభ అయ్యాక కుర్చీలు సర్దడం ఇద్దరి వంతే. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే బస్టాపులో నిలబడ్డారు.

"రేడియోలో విని, ఆరడుగుల మనిషివనుకున్నాను," అంది ఆమె.

"గొంతు ఆరడుగులే. మిగతాది తర్వాత తగిలించారు."

ఆమె ఫక్కున నవ్వింది. వాన జల్లు మొహాన కొడుతున్నా ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి జరగలేదు. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఇద్దరికీ ఎందుకో అవి సరైన బస్సులు కావనిపించింది.

అప్పుడే ఒక కారు ఆగింది. అద్దం దిగింది. లోపల ప్రెసిడెంటుగారు. "ఒరేయ్, వానలో ఏం చేస్తున్నావ్రా? అమ్మ భోజనానికి ఎదురుచూస్తోంది."

"వాన తగ్గాక వస్తాను," అన్నాడు అతను. కారు వెళ్ళాక ఆమె అడిగింది. "మీ నాన్నా?"

"అవును."

"ఆ రోజు గంట ఎందుకు మోగలేదో ఇప్పుడర్థమైంది."

"భయం. చిన్నప్పట్నుంచీ ఆయన మాటకి అడ్డు చెప్పలేదు."

"భయపడితే భయపడ్డావ్. ఇన్నాళ్ళూ దాచావు చూడు, నొప్పి అక్కడ." ఆమె వానలోకి దిగి నడిచింది. వెనక్కి తిరిగి చూడకూడదని మెడ బిగబట్టుకుంది.

ఆ వారమే ప్రెసిడెంటుగారు హాలుకి తాళం వేయించారు. మాట్లాడుకుంటుంటే మానిన గాయాలు రేగుతున్నాయట.

మర్నాడు పొద్దున క్లినిక్‌లో రేడియో మోగుతోంది.

"ఈ సాయంత్రం కాలనీ హాలుకి తాళం ఉంది. మెట్లకి తాళం లేదు. రండి, అక్కడే కూర్చుందాం. తాళం వేయించింది మా నాన్నగారు. మొదటి సభలో ఆయన నొప్పించే మాటన్నా, భయంతో గంట కొట్టనిది నేను. ఆ గంట నా దగ్గర లేనందుకు సంతోషం."

"అమ్మా, మెల్లిగా! అది కాలు, కొమ్మ కాదు," అని అరిచాడు పెద్దాయన.

ఇంటికి వెళ్ళగానే ఆమె అమ్మమ్మని బయల్దేరదీసింది.

"వాళ్ళింటి కుర్రాడి కోసమా?" అంది అమ్మమ్మ. "ఏనాడైనా మనల్ని గుమ్మం లోపలికి రానిచ్చారటే? వాళ్ళు వాళ్ళే, మనం మనమే."

"ఆ మాట అక్కడికొచ్చి చెప్పు."

"నా మాట ఎవరు వింటారే గడుగ్గాయీ?"

"వినకపోతే నేనూరుకుంటానా?"

మెట్ల నిండా జనం. తుంపర పడుతోంది. ప్రెసిడెంటుగారు ఇస్త్రీ నలగని బట్టల్లో వచ్చి, "ఇది అసోసియేషన్ స్థలం. అందరూ లేవండి," అన్నారు.

ఎవరూ లేవలేదు. ఫిజియో అమ్మాయి కాస్త పక్కకి జరిగింది. "మీకూ చోటుంది, కూర్చోండి సార్. మేం మాత్రం లేవం."

అమ్మమ్మ తలెత్తింది. "బాబూ, మా పిల్లని ఈ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగారట. ఎందుకడిగారు? దెబ్బలాటకి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను."

ఆయన జేబులోని తాళంచెవి తడుముకున్నారు.

"మెచ్చుకుంటున్నాననే అనుకున్నానమ్మా," అన్నారు. కొడుకు కేసి చూసి, "మావాణ్ణి ఎవరైనా అలా మెచ్చుకుంటే నేనూరుకునేవాణ్ణి కాదు," అన్నారు. తడిసిన మెట్టు మీద, ఆ బట్టలతోనే కూర్చున్నారు. "చెప్పండమ్మా. వింటాను."

అమ్మమ్మ చెప్పింది. గుమ్మాల గురించి, అద్దెకివ్వని ఇళ్ళ గురించి, బడిలో వెనక బెంచీ గురించి. ఇద్దరు ముగ్గురు విసుక్కుని వెళ్ళిపోయారు. ఆయన మాత్రం వెళ్ళలేదు. మధ్యలో ఒక్కసారి "అది..." అన్నారు. కానీ తనంతట తానే ఆపుకున్నారు.

అమ్మమ్మ ముగించాక రేడియో అబ్బాయి లేచి నిలబడ్డాడు. "నాన్నా, అమ్మమ్మగారూ, ఇంకో మాట. నేనీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను."

మెట్ల మీది గొడుగులన్నీ ఒక్కసారిగా అతనివైపు తిరిగాయి.

"ఆగాగు!" ఫిజియో అమ్మాయి నడుం మీద చేతులేసుకుంది. "మీతో వచ్చిన చిక్కే ఇది. మా సంగతి మమ్మల్ని అడక్కుండా మీటింగులో తేల్చేస్తారు!"

అందరికంటే ముందు ప్రెసిడెంటుగారే నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మెట్లు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. ఊరినంతా లేపే గొంతు ఆమెకి మాత్రమే వినపడేంత చిన్నదైంది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"జవాబు నీకే చెప్తాను. వీళ్ళకి కాదు." ఆమె అతని చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగానే తుంపరలోకి నడిచింది.

"ఏమందటండీ?" వెనక నుంచి అమ్మమ్మ ఆరా.

"మనకి చెప్పదటమ్మా. మీరు తడుస్తున్నారు, ఇలా గొడుగులోకి జరగండి," అంటున్నారు ప్రెసిడెంటుగారు.

వీధి మలుపు తిరిగాక ఆమె ఆగింది.

"చేసుకుంటాను," అంది. "మీ నాన్న ఒప్పుకున్నా సరే, మా అమ్మమ్మ ఒప్పుకోకపోయినా సరే."