ఆగితే వణికే కారు

తెలిసిన నిజాన్ని మనిషి ఎన్నాళ్లు తన దగ్గర ఉంచుకోవచ్చు? శుక్రవారం తెలిసిన సంగతిని ఆదివారం సాయంత్రం దాకా బయటపెట్టకుండా ఆపితే, ఆ రెండు రోజులూ ఏ పాపమూ ఎరుగనివాడు తల దించుకుని తిరిగితే, ఆ ఆపడాన్ని దయ అనాలా, తప్పు అనాలా? డిటెక్టివు సహాయకుడు సత్యం ఈ సందేహాన్ని ఏళ్ల తరబడి మోస్తూనే ఉన్నాడు. తనకు పని నేర్పిన ఆనందరావుగారినే అడుగుదామని చాలాసార్లు అనుకున్నాడు. నోరు రాలేదు.

అది ఎనభై అయిదు, ఫిబ్రవరి నెలాఖరు. అమలాపురం గడియారస్తంభం దగ్గర మేడమీద గదిలో ఆనందరావుగారి ప్రైవేటు డిటెక్టివు ఆఫీసు ఉండేది. అంతకుముందు ఆయన ఒక బీమా కంపెనీకి ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలు పరిశీలించి రిపోర్టులు రాసేవారు. మాట తక్కువ. చూపు మాత్రం సూది మొన. ఆయన ఏ వస్తువు వంక చూస్తే సత్యం కూడా ఆ వస్తువు వంకే చూసేవాడు. ఆయనకు కనిపించింది మాత్రం ఒక్కనాడూ ముందుగా కనిపించేది కాదు.

బుధవారం పొద్దున్నే రాజోలు బస్సు దిగి ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు హన్నా. రిటైరైన హెడ్మాస్టరు మాణిక్యాలరావుగారి భార్య. కుర్చీలో కూర్చున్నా చేతిసంచి ఒళ్లోంచి దించలేదు.

"మా అమ్మాయి విజయకుమారి మస్కట్‌లో నర్సండీ. రెండేళ్లు కష్టపడి డబ్బు పంపితే కారు కొన్నామండీ. తెల్లది, చిన్నది. మూడు నెలలైనా కాలేదు. ఇప్పుడు ఇంజను ఆడుతుండగా ఆపి ఉంచితే చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోందండీ. కూర్చుంటే పళ్లు టకటకలాడతాయి. వచ్చే నెల అమ్మాయి సెలవుమీద వస్తాది. ఏం మొహం పెట్టుకుని చూపించనండీ?"

"మెకానిక్కుకి చూపించారా?"

"ఆయ్. మా ఊళ్లో అబ్బులు చూసేడండీ. లోపల కొత్త సామాను తీసేసి పాతది పెట్టేరన్నాడు. ఆయనకి తోలడం వచ్చినా, రోజూ కారు తోలేది మా పేతురొక్కడే. మా చర్చి సంఘంలోవాడే. ఇంకెవరు తీస్తారండీ?"

"పోలీసులకి చెప్పారా?"

"ఆయన వద్దంటారండీ. క్షమించడం మన పని అంటారు. సంఘపెద్ద కదండీ, ఆయన మనసు పెద్దది." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పేతురుని మాత్రం పనిలోంచి మానిపించేం. ఈ సంగతి తేలేదాకా చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె తీసుకోవడానికి రావద్దని పాస్టరుగారు చెప్పేరు. వాడు పదేళ్లనించి తెలుసండీ నాకు. నిజంగా తీసేడో లేదో మీరు చెప్పాలి. తియ్యకపోతే మేం చేసింది మహాపాపం కదండీ."

మర్నాడు ఆనందరావుగారూ సత్యమూ రాజోలు వెళ్లారు. మాణిక్యాలరావుగారు పొడుగాటి మనిషి. దళసరి కళ్లద్దాలు, తెల్లటి పంచె, నెమ్మదైన మాట. ఆ చుట్టుపక్కల ఆయన చదువు చెప్పని ఇల్లు లేదు. కారు స్టార్టు చెయ్యమని ఆనందరావుగారు అడిగితే ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నారు. ముందుగా దానిమీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఓ క్షణం ప్రార్థన చేసి అప్పుడు తాళంచెవి తిప్పారు.

కారు వణికింది. అద్దాలు గిలగిలలాడాయి. ఆనందరావుగారు వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి నిమిషంసేపు కదలకుండా నిలబడ్డారు. ముందుకి వచ్చి ఒక చెయ్యి ఇంజనుమీద, ఒక చెయ్యి కారు పక్కరేకుమీద ఆనించారు. తరవాత పెద్దరోడ్డుమీద కొంతదూరం తోలి చూశారు. వేగం అందుకోగానే కారు నీళ్లమీద పడవలా పోయింది. ఆపగానే మళ్లీ అదే వణుకు.

మెకానిక్ అబ్బులు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సామాను మార్చేరని ఎలా కనిపెట్టావు, అబ్బులూ? విప్పి చూశావా?"

"కొత్తబండి విప్పకూడదు కదండీ. పేతురు ఏవైనా మార్చేడంటావా అని అమ్మగారు అడిగేరండీ. అంత పెద్దోళ్లు అడిగేక మార్చే ఉంటాడనుకున్నానండీ."

"మంచి పరీక్షే" అన్నారు ఆనందరావుగారు. అబ్బులు అది మెప్పే అనుకుని నవ్వాడు.

హన్నాగారు ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. పేతురు రోజూ పొద్దున్నా సాయంత్రమూ మీటరు అంకె రాసిపెట్టేవాడు. పదహారో తారీకు శనివారం రాసిన అంకెకీ, పద్దెనిమిది సోమవారం పొద్దున్న రాసినదానికీ నలభై ఒక్క కిలోమీటర్లు తేడా ఉంది.

"ఆదివారం వాడికి సెలవండీ. నేను స్త్రీల సమాజం మీటింగుకని బస్సులో లంకగ్రామానికి వెళ్లేను. ఆయన తలనొప్పని పడుకున్నారు. అప్పుడే తీసుకెళ్లి ఉంటాడు. ఆ సోమవారంనించే ఈ వణుకు."

మాణిక్యాలరావుగారు గొంతు సవరించుకుని, మందారచెట్టు వంక చూస్తూ, "పోనిద్దూ హన్నా. దేవుడు చూసుకుంటాడు" అన్నారు.

సత్యానికి ఇక అనుమానం లేకపోయింది. ఆనందరావుగారు కారు కింద గోనెపట్టా పరుచుకుంటూ ఉంటే, తాను పేతురు ఇల్లు చూసి వస్తానన్నాడు. ఆయన తల ఎత్తకుండానే, "మాట్లాడి రా. మాట్లాడి మాత్రమే" అన్నారు.

సత్యం మాట్లాడి ఊరుకోలేదు. పేతురు ఇంట్లో లేడు. భార్య జ్ఞానమ్మ గుమ్మంలో నిలబడింది. అతను కేసు, సోదా అని గట్టిగా అంటే ఆవిడే పెట్టె తెరిచి చీరలు, పిల్లల బట్టలు, బైబిలు ఒక్కొక్కటీ తీసి చాపమీద పెట్టింది. కంచె అవతల జనం మూగారు. అట్టడుగున, కాగితంలో చుట్టిన పాత స్పార్కు ప్లగ్గులు రెండు దొరికాయి.

"ఇవేమిటి?"

"చేపల వలకి బరువుకి కట్టుకుంటారండీ. ఆయన ఇదివరకు జీపు తోలినప్పటివి."

"అందరూ అలాగే చెప్తారు" అన్నాడు సత్యం. కంచె అవతలివాళ్లకి వినపడేలా అన్నాడు.

సత్యం తెచ్చిన ఆ ప్లగ్గుల్ని ఆనందరావుగారు ఒక్కసారి చూసి తిరిగి అతని చేతిలో పెట్టారు. "ఈ కారుకి మూడు సిలిండర్లు. మూడూ సమంగా కొడుతున్నాయి. పొగగొట్టం దగ్గర నా అరచేతికి ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ప్లగ్గు పాతదైతే తప్పుతుంది, రోడ్డుమీద లాగడం కూడా మానేస్తుంది. ఇంజను బాగానే ఉంది సత్యం. వణుకు ప్రతి ఇంజనులోనూ ఉంటుంది. దాన్ని కారుదాకా రాకుండా మింగేది కింద ఉన్న రబ్బరు దిమ్మ. మౌంటింగంటారు. అది ఒకపక్క చిరిగిపోయింది. ఆగినప్పుడు ఇంజను నెమ్మదిగా ఊగుతుంది కనక అదంతా కారుకి తగులుతోంది."

"కొత్త రబ్బరు ఎలా చిరుగుతుందండీ?"

ఆయన వేళ్లమధ్య ఒక పీచుపోగు చూపించారు. తారు పట్టి నల్లబడిన కొబ్బరి పీచు. "మన ఊళ్లో కొబ్బరిపీచు ఎక్కడ చూసినా ఉంటుంది. ఇంజను బిగించిన కమ్మీకి చుట్టుకుని ఎందుకుంటుంది? తారు పూసిన తాడు ఎవరు వాడతారు?"

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ దిండి రేవుకి వెళ్లారు. అక్కడ గోదావరికి వంతెన లేదు. కార్లనీ జీపుల్నీ పంటుమీదికి, అంటే వెడల్పాటి బల్లకట్టుమీదికి ఎక్కించి, కదలకుండా తాళ్లతో కట్టి అవతలి ఒడ్డుకి చేరుస్తారు. పంటు నడిపే సరంగు వీరన్న తారుతాళ్లు ఎండలో ఆరేస్తున్నాడు.

"ఆయ్, తెల్లకారు. రెండువారాల కిందట ఆదివారం, భోజనాలవేళ వచ్చిందండీ. జీపుకైతే కొక్కేలుంటాయి. దీనికి తాడు వెయ్యడానికి చోటేదండీ! మావాడు కిందకి దూరి దొరికినదానికి కట్టేసేడు. నడిమధ్యకి వెళ్లేసరికి ఓ లాంచీ పోయింది. కెరటానికి పంటు ఒరిగింది. టప్పుమని చప్పుడైంది. బాబుగారూ ఏదో తెగిందండీ అన్నాను. పోనీ పోనీ, ఆలస్యమైపోతోంది అన్నారు. మళ్లీ చీకటిపడే ముందు తిరిగొచ్చేరు."

"ఎవరో తెలుసా?"

"తెలీదండీ. తలకి తువ్వాలు చుట్టుకున్నారు. పొడుగుమనిషి, కళ్లజోడు. ఒకటి మాత్రం గురుతుందండీ. పంటు కదిలేముందు స్టీరింగుమీద చెయ్యేసి కళ్లు మూసుకున్నారు. నీళ్లంటే భయం కాబోలు అనుకుని మావాడు నవ్వేడు."

సత్యం అక్కడే ఇసుకలో నిలబడిపోయాడు. కంచె అవతలి మొహాలన్నీ ఒక్కసారి కళ్లముందుకి వచ్చాయి.

"పదండి, ఇప్పుడే వెళ్లి చెప్పేద్దాం" అన్నాడు.

"చెప్తాను. సగం."

రాజోలు వెళ్లి మాణిక్యాలరావుగారితో విడిగా ఆనందరావుగారు అన్నది ఇంతే: "పేతురు ఏమీ తియ్యలేదండి. దిండి రేవులో పంటుతాడు లాగి రబ్బరు తెగింది. ఆ రోజు కారు ఎవరు తీసుకెళ్లారో ఆదివారం సాయంత్రం అందరిముందూ చెప్తాను. ఈలోగా ఆ మనిషి తానే చెప్పుకుంటే నాకు పనే ఉండదు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ, "మంచిదండి" అన్నారు.

ఆదివారం నెల మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు సంస్కారం. సత్యం వెనకవరసలో కూర్చుని చూశాడు. మాణిక్యాలరావుగారు రొట్టె పళ్లెం పట్టుకుని వరసలవెంట నడిచారు. చివరి చాపమీద పేతురు తల వంచుకుని కూర్చున్నాడు. పళ్లెం అతని దగ్గరికి వచ్చి ఆగింది. పక్కకి సాగిపోయింది. పెద్దాయన తానూ రొట్టె తీసుకోలేదు. ఆ సంగతి గమనించింది బహుశా ఇద్దరే, సత్యమూ, పక్కనే కూర్చున్న ఆనందరావుగారూ.

సాయంత్రం వరండాలో అందరూ చేరారు. హన్నాగారు, పాస్టరు ఇశ్రాయేలుగారు, మెకానిక్ అబ్బులు, గోడవారగా పేతురు, జ్ఞానమ్మ. ఆనందరావుగారు పొగగొట్టం నుంచి పీచుపోగు దాకా, వీరన్న విన్న టప్పుమన్న చప్పుడు దాకా విప్పి చెప్పారు.

"రాజోలునించి రేవు మీదుగా పాలకొల్లు వెళ్లి వస్తే నలభై ఒక్క కిలోమీటర్లు. తప్పు చేసినవాడు తన తప్పు బయటపెట్టే అంకెను తన చేత్తో పుస్తకంలో రాయడు. పేతురు రాశాడు. మరి తాళంచెవి ఇంకొకటి ఉన్నది ఈ ఇంట్లోనే. కారు తోలగలిగినవాళ్లు, పొడుగాటివాళ్లు, బండి కదిలేముందు ప్రార్థన చేసుకునేవాళ్లు..." ఆయన అక్కడితో ఆగి కుర్చీలో కూర్చున్నారు.

హన్నాగారు మెల్లగా భర్తవైపు తిరిగింది.

"నేనేనండీ" అన్నారు మాణిక్యాలరావుగారు. నిలబడ్డారు. "పాలకొల్లు వెళ్లేను. సినిమాకి."

"సినిమాకా?" అంది హన్నాగారు, చెవిటిదానిలా.

"మాటినీకి. ముప్ఫై ఏళ్లయింది చూసి. కాలేజీ రోజుల్లో పిచ్చిగా చూసేవాణ్ణి. గుళ్లో ఎంతమంది పిల్లల్ని లేపి నిలబెట్టి తిట్టేనో సినిమాకి వెళ్లేరని! ఒక్కసారి చూద్దామనిపించింది. గోదారి దాటితే ఎవరు గుర్తుపడతారనుకున్నాను. తాడు సంగతి తెలీదు, దేవుడి తోడు. హన్నా, మీటరు అంకె నీ నోటంట వచ్చినప్పుడు చెప్పెయ్యాల్సింది. నోరు పెగల్లేదు. క్షమించేనన్నాను. అందరూ మెచ్చుకుంటుంటే విన్నాను కూడా."

అబ్బులుకి నవ్వొచ్చి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పేతురు మొహం చూసి తువ్వాలు దించేశాడు.

పేతురు అప్పుడు మాట్లాడాడు. "మీరు సినిమాకి వెళ్లడం నాకు తప్పుగా తోచలేదండీ, మాస్టారూ. ఆ ఆదివారం నేను ఎక్కడికెళ్లేనని అందరూ అడిగితే మీరు విన్నారు. అదీ పోనీండి. పొద్దున్న పళ్లెం నా ముందు ఆపేరు చూడండి, అప్పటికి మీకు తెలుసు. తెలిసీ పక్కకి తీసుకెళ్లేరు."

పెద్దాయన చేతులు జోడించారు. ఆయన దగ్గర చదువుకున్న పేతురు ఆ చేతుల్ని చూడలేక మొహం తిప్పుకున్నాడు. పాస్టరుగారు కూడా లేచి, "నేనూ అడగకుండానే తీర్పు చెప్పేను" అన్నారు.

మరుసటి ఆదివారం మాణిక్యాలరావుగారు సంఘం ముందు నిలబడి జరిగినదంతా చెప్పి సంఘ పెద్దరికం వదులుకున్నారు. రబ్బరు దిమ్మ మార్చడానికి అబ్బులుకి గంట పట్టింది. విజయకుమారి వచ్చేసరికి కారు ఇంజను ఆడుతున్నా వణక్కుండా నిలబడింది. పేతురు మళ్లీ దాన్ని తోలడానికి ఒప్పుకోలేదు. తాటిపాకలో లారీ పనిలో చేరాడు.

వరండాలో మాటలయ్యాక, ఆ రాత్రి తిరిగి వస్తూ బస్సులో ఆనందరావుగారు అన్నారు: "ఆయన తనంతట తాను చెప్తాడనుకున్నాను. రెండు రోజులు ఎక్కువే ఇచ్చాను."

ఇక సత్యం సంగతి. పేతురుకి క్షమాపణ చెప్పినవాళ్లు చాలామంది. సత్యం చెప్పలేదు. డిటెక్టివు సహాయకుడికి అది పనిలో భాగమే అని సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం మూడేళ్లు నడిచింది. ఎనభై ఎనిమిదిలో ఒక రోజు వేరే పనిమీద రాజోలు వెళ్లి, కాళ్లు ఈడుస్తూ ఆ ఇంటికి నడిచాడు.

జ్ఞానమ్మ అరుగుమీద చేపలు తోముతోంది. చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు.

"ఆ రోజు నేను చేసింది తప్పండి, అక్కయ్యగారూ. మాట్లాడి రమ్మంటే సోదా చేశాను. మీ మాట అబద్ధమని నలుగురూ వినేలా అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆవిడ చేతిలో చేపను నీళ్లలో ముంచి పక్కన పెట్టింది.

"నాకు చెప్పేరు, సరేనండీ. మా పెద్దమ్మాయి ఆ రోజు తలుపు వెనకాల ఉంది. ఆ సాయంత్రం నన్నడిగిందండీ, నాన్న దొంగా అని. అప్పటికి దానికి పదేళ్లు. దానికి కూడా మీరే చెప్పాలి. బడినించి వచ్చే వేళయింది."

సత్యం అరుగు అంచున కూర్చున్నాడు. అరగంట తరవాత ఒక పొడుగాటి పిల్ల పుస్తకాలు పట్టుకుని గేటు తోసుకుని వచ్చి, కొత్తమనిషిని చూసి ఆగింది. సత్యం లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ల ఎదుట నిలబడినట్టే నిలబడి, మొదటినించీ, ఏదీ దాచకుండా చెప్పాడు.

ఆ పిల్ల అంతా విన్నది. తల్లివంక చూసింది. తరవాత పుస్తకాలు అరుగుమీద పెట్టి, "కూర్చోండి. మంచినీళ్లు తెస్తాను" అని లోపలికి వెళ్లింది.