కాజల్ ఎడమ చెవి

బడి మైదానంలో ఖో-ఖో ఆట జోరుగా సాగుతోంది. కాజల్ వరుసలో కూర్చుని ఉంది. వీపు మీద చెయ్యి పడింది. కానీ ‘ఖో’ అన్న మాట వినపడలేదు. ఆ మాట వినకుండా లేస్తే ఫౌల్. అందుకే ఆమె లేవలేదు. ఆలోగా అవతలి జట్టు అమ్మాయి తప్పించుకుంది.

“ఏందే, లేవవేంది? గట్టిగనే అన్న కదా,” అంది శారోన్ రొప్పుతూ.

“నువ్వు అనలే.”

“అన్న. అందరిన్నరు.”

శారోన్ పక్కింటి పిల్ల. అబద్ధం చెప్పే పిల్ల కాదు. కొన్నాళ్లుగా కాజల్ ఎడమ చెవిలో దూది పెట్టినట్టు ఉంటోంది. ఆ సంగతి బళ్లో టీచరు బాయికి చెబితే పోటీ జట్టులోంచి తీసేస్తుందని ఆమె భయం.

సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ గంగాబాయి నీళ్లకు వెళ్లింది. కాజల్ అద్దం ముందు నిలబడి, తలలోంచి పిన్ను తీసి చెవిలో పెట్టింది. కొంచెం గులిమి వచ్చింది. ఇంకాస్త లోపలికి తోసింది. చురుక్కుమంది. భయపడి పిన్ను పడేసింది.

అంతే, చెవి పూర్తిగా మూసుకుపోయింది.

తెలుగు నేతపనివాళ్లు వలస వచ్చి ఉంటున్న నార్పోలి సందుల్లో పొద్దస్తమానం సాంచాల చప్పుడే. అన్ని మరమగ్గాల మోత ఇప్పుడు ఒక్క పక్కనుంచే వినిపిస్తోంది. కాజల్‌కు తాత భూమయ్య గుర్తొచ్చాడు. ఏళ్ల తరబడి ఆ సాంచాలు నడిపీ నడిపీ ఆయన చెవులు పోయాయి. ఎవరేం చెప్పినా నవ్వి తల ఊపుతాడు. తనకూ అలాగే అవుతుందేమో. రాత్రి అన్నం తింటూ తింటూ సగంలోనే ఆమెకు ఏడుపొచ్చింది.

“ఏమైంది బిడ్డా?” అంది గంగాబాయి.

కాజల్ అంతా చెప్పేసింది. పిన్ను సంగతి కూడా దాచలేదు. అమ్మ తిడుతుందనుకుంది.

గంగాబాయి ఆమెను దగ్గరికి తీసుకుంది. “గింత భయం పెట్టుకొని ఒక్కదానివే ఎట్ల కూసున్నవే? పొద్దుగాల్నే దవాఖానకు పోదాం.”

మర్నాడు డాక్టరమ్మ లైటు వేసి చెవిలోకి చూసింది. హిందీలో ఒక్కొక్కటే అడిగింది. “నొప్పి ఉందా? చీముగానీ నీళ్లుగానీ కారుతున్నాయా? ఇదివరకెప్పుడైనా చెవి కారిందా?”

కాజల్ లేదని తల ఊపింది. తర్వాత మెల్లగా అడిగింది. “మా తాతకు చెవుడు. నాకూ వస్తుందా?”

“దీనివల్ల రాదు. గులిమి గట్టిపడింది. పిన్నుతో నువ్వు దాన్ని ఇంకా లోపలికి నెట్టావు. నీ అదృష్టం, లోపలి పొరకు ఏమీ కాలేదు.”

డాక్టరమ్మ చుక్కల మందు రాసి, గంగాబాయి వైపు తిరిగింది. “సీసా కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబడ్డాక వెయ్యండి. చల్లటి మందు పడితే తల తిరుగుతుంది. గులిమి నానేటప్పుడు చెవి ఇంకా మూసుకుపోయినట్టుంటుంది. కంగారుపడొద్దు. నొప్పి వస్తే మాత్రం మందు ఆపి నా దగ్గరికి రండి.”

ఇంట్లో కాజల్ కుడి పక్కకు తిరిగి పడుకుంది. చుక్కలు పడగానే చెవిలో బుడబుడమంది. నవ్వొచ్చింది.

“కదలకు,” అంది అమ్మ.

డాక్టరమ్మ చెప్పినట్టే చెవి ఇంకా బిగుసుకుంది. వేలు పెట్టి గెలకాలనిపించింది. కాజల్ రెండు చేతులూ దిండు కిందికి దోపుకుని పడుకుంది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు మళ్లీ వెళ్లారు. ఆమె పిచికారీతో గోరువెచ్చని నీళ్లు కొట్టింది. గిన్నెలో గోధుమరంగు ముద్ద ఒకటి పడింది. ఒక్కసారిగా ఫ్యాను గరగర, బయట రిక్షా హారన్, అమ్మ గాజుల చప్పుడు, అన్నీ వచ్చి చెవిలో పడ్డాయి.

“వినపడ్తుందా బిడ్డా?” అంది గంగాబాయి.

“అమ్మా, మెల్లగ మాట్లాడు,” అని కాజల్ చెవి మూసుకుంది. గంగాబాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

బాయికి కూడా కాజలే వెళ్లి చెప్పింది. బాయి ఆమెను జట్టులోంచి తీయలేదు. ఇలాంటిది ముందే చెప్పాలి కదా అని మాత్రం అంది.

కొన్నాళ్లకు శారోన్ చెవి పట్టుకుని కాజల్ వాళ్లింటికి వచ్చింది. “నా చెవి గుంజుతున్నది. నీ మందు మిగిలింది కదా, రెండు చుక్కలు వెయ్యవా?”

కాజల్ సీసా అందుకుంది. గుప్పిట్లో పట్టుకుంది కూడా. అప్పుడు శారోన్ చెంప మీద తడి కనపడింది. చెవిలోంచి నీరు కారుతోంది.

కాజల్ సీసాను తీసిన చోటే పెట్టేసింది.

“ఇయ్యవా?” అంది శారోన్, మొహం చిన్నబుచ్చుకుని.

“ఇయ్య. నాకు గులిమి ఉండె. నీకు ఏముందో మనకు తెల్వది. కారే చెవిల ఇది వెయ్యొద్దేమో. పా, మీ అమ్మకు చెప్పుదాం.”

శారోన్ తల్లి మరియమ్మ పక్క సందులో మిషను మీద కండెలకు నూలు చుడుతోంది. ఇద్దరూ అక్కడికి పరుగెత్తారు. “పెద్దమ్మా, శారోన్ చెవి కారుతున్నది. డాక్టరమ్మకు చూపియ్యాలె,” అంది కాజల్, మిషను మోతకు మించిన గొంతుతో. మరియమ్మ మిషను ఆపి లేచింది.

దవాఖాన దారిలో శారోన్ అడుగులు నెమ్మదించాయి. “సూది ఇస్తదా?”

“నాకైతే ఇయ్యలే,” అంది కాజల్. “నీకు ఏం చేస్తదో నాకు తెల్వది. నేను పక్కకే ఉంట.”

శారోన్ ఆమె చెయ్యి పట్టుకుంది.